పొన్నంగి ఈల

బడులు మళ్ళీ తెరిచిన వారంలోనే, ఐదో తరగతి నల్లబల్ల కింద ఒక పిట్ట పడి ఉందని మా ప్యూన్ వచ్చి చెప్పాడు. నాకు కుర్చీలోంచి లేవాలనిపించలేదు. రెండేళ్ళ పాటు కార్పొరేషన్ వాళ్ళు వేసిన కరోనా సర్వే డ్యూటీలు చేసి చేసి మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఏ పిట్ట పడితే నాకేం, ఏ పిల్లి తింటే నాకేం అనిపించింది. "నవ్‌రంగ్ ఛే, బేన్. జీవే ఛే," అన్నాడు అతను. నవ్‌రంగ్ అంటే గుజరాతీలో ఆ పిట్ట పేరు. బతికే ఉందట. ఇక తప్పదని లేచాను.

అరచేతిలో పట్టేంత పిట్ట. వీపు ఆకుపచ్చ, పొట్ట లేత గోధుమ రంగు, తోక కింద ఎరుపు, రెక్క మీద ఒక నీలం మచ్చ. గొంతు తెల్లగా ఉంది. కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ. తోక ఎవరో కత్తిరించి పంపినంత పొట్టిగా ఉంది. కళ్ళు సగం మూసుకుని, ముక్కు తెరిచి రొప్పుతోంది. పిల్లలు చుట్టూ మూగి తెలుగులో, హిందీలో, గుజరాతీలో ఒకేసారి అరుస్తున్నారు. నేను ఆ పిట్టను చూడటం అదే మొదటిసారి. దాని గొంతు మాత్రం నాకు బాగా తెలుసు. దాన్ని కళ్ళారా చూసిన మనిషి కూడా నాకు తెలుసు, ఆయనకు దాని గొంతు వినిపించేది కాదు. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు రాయను. ఆ పేరుతో మా గల్లీలో ఎవరూ ఆయన్ని పిలవలేదు. అందరికీ ఆయన మాస్టర్. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నా, ఆ గల్లీలో మాస్టర్ అంటే లూము మాస్టరే. మరమగ్గం ఆగిపోతే స్పానర్ పట్టుకుని వచ్చి నడిపించేవాడు. సూరత్‌లో మా తెలంగాణ వాళ్ళుండే వాడల్లో ఇళ్ళ కంటే లూములు ఎక్కువ. కింద షెడ్డు, పైన గదులు. నాది పై గది. ఆయనది షెడ్డును ఆనుకుని కింద గది. నేను అన్నా అనేదాన్ని, ఆయన టీచరమ్మా అనేవాడు.

లూము పాడైతే ఆయన ముందు దాన్ని ముట్టుకునేవాడు. ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, అరనిమిషం నిలబడేవాడు. తర్వాత ఎక్కడ బోల్టు వదులైందో సరిగ్గా అక్కడికి పోయేవాడు. "నడిసే లూము అబద్ధం చెప్తది టీచరమ్మా, ఆగిన లూము చెప్పదు," అనేవాడు. వంటప్పుడు కుక్కర్ పక్కన బండ మీద చెయ్యి వేసి విజిల్స్ లెక్కపెట్టేవాడు. ఇదేం చోద్యమని నేను నవ్వితే, "చేతికి తెలిసినంక చెవికెందుకు తక్లీబు," అనేవాడు. ఒక ఆదివారం గల్లీ అంతా కలిసి డుమస్ బీచ్‌కి పోయాం. అందరూ భజియాల బండి చుట్టూ చేరితే, ఆయన పాంటు మడిచి తడి ఇసుకలో కాళ్ళు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "ఈ సముద్రానికి మాస్టర్ లేడు. టైమింగ్ తప్పింది," అని తీర్పు చెప్పి భజియా అందుకున్నాడు.

షెడ్డులో పని చేసే మా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. లూముల చప్పుడులో మాట వినపడదు గనక పెదాలు చూసి మాట్లాడుకుంటారు. ఇంటికి వచ్చినా అదే. భార్య పొయ్యి వైపు తిరిగి మాట్లాడితే "ఇటు మర్రి చెప్పు" అని కసురుతారు. మా నాన్న కూడా అంతే. దూరంగా ఉన్న మాస్టర్‌ని పిలవాలంటే మాత్రం రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేయాలి. మా షెడ్డు ఈల పక్క షెడ్డు ఈల లాంటిది కాదు. మొదటి ముక్క పైకి లేవాలి, రెండోది కిందికి జారాలి. ఊరికే కూత పెడితే మాస్టర్ రాడు. కొత్తగా చేరినవాణ్ణి ఆయనే ఎదురుగా నిలబెట్టి, అది వచ్చేదాకా వదలకుండా నేర్పేవాడు. అదొక పిచ్చి అనుకునేవాళ్ళం.

ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఆయన దసరాకు ఊరికి పోయేవాడు, పెళ్ళిళ్ళకు పోయేవాడు. వానాకాలంలో మాత్రం చచ్చినా పోయేవాడు కాదు. ఆయనది మంచిర్యాల అవతల అడవి అంచు పల్లె. తండ్రి మక్క చేను, చెల్లెలి ఇల్లు అన్నీ అడవిని ఆనుకునే ఉండేవని చెప్పేవాడు. మిరుగం, అదే మృగశిర కార్తె, వస్తుందంటే మా వాళ్ళందరికీ ఊరు గుర్తొచ్చి కాళ్ళు నిలవవు. ఆయన ఆ నెలలోనే డబుల్ షిఫ్టు అడిగేవాడు.

లాక్‌డౌన్ వచ్చింది. లూములు ఆగాయి. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆ గల్లీలో ఎన్నడూ లేని నిశ్శబ్దం. మాకు మొదటి రెండు రోజులు బాగానే అనిపించింది. ఆయన మాత్రం కళ్ళు ఎర్రగా చేసుకుని మెట్ల మీద కూర్చునేవాడు. "గచ్చు అదుర్తలేదు టీచరమ్మా. పంటే పడుకున్నట్టే లేదు," అన్నాడు. ఆ తర్వాత మాస్కులు వచ్చాయి. ఆ మాస్కులు ఆయన్ని ఎంత దెబ్బ తీశాయో మాలో ఎవరికీ వెంటనే తట్టలేదు. కిరాణా కొట్టువాడితో, పోలీసుతో, పాలవాడితో అందరితోనూ జగడమే. "జర మూతి గుడ్డ తియ్యి! ఏమంటున్నవో ఎట్ల తెల్వాలె?" అని అరిచేవాడు. పోలీసు ఒకసారి లాఠీ ఎత్తాడు కూడా. ఆ రోజు ఇంటికి వచ్చి నాతో, "చెవులు లూములు తిన్నయి. ఇప్పుడు అందరి మూతులు గూడ మూసిండ్రు. ఇగ నేనెవలతోని మాట్లాడాలె?" అన్నాడు. చెవులు తిన్నాయంటే వినికిడి కొంచెం తగ్గిందని అనుకున్నాను. షెడ్డు మనుషులందరికీ కొంచెం తగ్గే ఉంటుంది.

మిరుగం ఇంకా నాలుగు రోజులుందనగా, తెల్లవారుజామున, నల్లా దగ్గర మేమంతా బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నాం. ఊళ్ళకు పంపే రైళ్ళలో సగం గల్లీ ఖాళీ అయింది, తమ వంతు రానివాళ్ళే మిగిలారు. షెడ్డు వెనక నుంచి ఈల వినిపించింది. పైకి లేచి కిందికి జారే మా షెడ్డు ఈల. ఆగి మళ్ళీ వినిపించింది. రాజమల్లు అని మూడో లైన్‌లో లూములు నడిపే అతను, చేతిలో బిందె వదిలేశాడు.

"షెడ్డుల మనిషున్నడు! లూము ఆగిందని మాస్టర్‌ని పిలుస్తుండు!"

రెండు నెలలుగా తాళం వేసి ఉన్న షెడ్డు అది. లోపల ఎవరైనా ఇరుక్కుపోయారేమో, లేక సేఠ్ దొంగచాటుగా లూములు నడిపిస్తున్నాడేమో, పోలీసులు వస్తారేమో అని తలా ఒక మాట. ఇద్దరు పోయి షట్టర్ బాదారు. ఈల వేసేది మనిషి కాకపోవచ్చునన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ ఈలకు మా బుర్రల్లో ఒకటే అర్థం ఉంది. అప్పుడు అందరం మాస్టర్ వైపు చూశాం. ఆయన గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటున్నాడు. ఈల మళ్ళీ వచ్చింది, పది అడుగుల దూరం నుంచి వచ్చినంత స్పష్టంగా. ఆయన తల ఎత్తలేదు. ఒక రాయి దొరికితే తీసి పక్కన పడేశాడు.

అందరికీ ఒకేసారి తెలిసింది.

రాజమల్లు దగ్గరికి పోయి భుజం తట్టి, మాస్కు కిందికి దించి అడిగాడు. "మాస్టర్, నీకు ఈల వినవడ్తలేదా?"

ఆయన మా ముఖాలు చూసి విషయం గ్రహించాడు. దాచడానికి ఇంకేం లేదని అనుకున్నాడో ఏమో, చాట కింద పెట్టాడు. "ఏండ్లాయె," అన్నాడు.

"మరి మేం పిలిస్తే ఎట్లొస్తుంటివి?"

"కాలు చెప్తది. నలభై లూములల్ల ఒక్కటి ఆగితే అరికాలుకు తెలుస్తది. మీరు ఈల ఏసేలోపట నేను బయలెల్లుతుంటి."

రాజమల్లుకు కోపం వచ్చింది. "అంటే ఇన్నేండ్లు మేం ఉత్తగనే ఈల ఏసినమా?" అన్నాడు. ఆ కష్టంలో కూడా అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "ఇప్పుడేం వినవడ్డది మీకు? ఏసి సూపియ్యి," అన్నాడు. రాజమల్లు వేళ్ళు లేకుండా, పెదాలతో మెల్లగా వేసి చూపించాడు. మాస్టర్ ఆ పెదాలనే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అది మనిషి గాదుర," అన్నాడు. "పొన్నంగి పిట్ట. మీకు నేర్పిన ఈల యాడిదనుకున్నరు?"

చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు.

షెడ్డు వెనక ఒక రాతి గోడ, గోడ అవతల ఖాడీ. ఆ మురికి కాలువ గట్టు మీద తుమ్మ పొదలు, ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ వెదురు పొద, దాని కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకులు. రెండు రోజుల తర్వాత రాజమల్లు వాళ్ళ రైలు కూడా వెళ్ళింది. మాస్టర్ పేరు కూడా రైలు జాబితాలో వచ్చింది. పోనన్నాడు. ఆ రోజు నేను మెట్ల మీద మాస్కు దించి, ఎందుకు పోలేదని కాస్త గట్టిగానే అడిగాను. అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ళ కింద ఒక మిరుగానికి ఊరికి పోయాడట. చేను గట్టు మీద చెల్లెలు ఆగి, "అన్నా, ఇను, పొన్నంగి కూస్తుంది," అందట. వాళ్ళ నాన్న ఆ కూత విన్నాకే విత్తనం తీసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ దాన్ని చూడాలని పొదల్లో పాకి పాకి మోకాళ్ళు చెక్కుకున్నారు. ఒక్కసారీ కనపడలేదు.

"నాకేం వినవడలే. 'ఆ, ఆ' అన్న. గదే పైలిసారి నేను చెల్లెతోని అబద్ధమాడుడు. మల్ల వానకాలం పోలే. ఆడ అది కూస్తుంటది, నేను మొద్దు లెక్క నిలబడాలె. ఈడ కూసేది లేదు, ఇనేది లేదు. మంచిగుండె ఇన్నొద్దులు."

తర్వాత అడిగాడు. "జర నువ్వు నాకు చెవివైతవా టీచరమ్మా?"

నాకు ఆ రోజుల్లో తెల్లారితే సర్వే. ఇంటింటికీ పోయి జ్వరం ఉందా దగ్గుందా అని అడగడం, తలుపు సందులోంచి తిట్లు తినడం. ఉదయం దొరికే ఆ గంట నిద్ర నాకు బంగారం. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నావని ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ళు ఆ ముఖం చూసి ఉండాల్సింది.

ఐదు రోజులు అలా కూర్చున్నాం. గోడ మీద పక్కపక్కన, ఆయన ఎడమ చెయ్యి మా మధ్య రాయి మీద. పిట్ట కూసినప్పుడల్లా నేను ఆయన చేతి మీద వేలితో రెండు సార్లు కొట్టాలి. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. అది ఎక్కడి నుంచి కూస్తోందో నాకు ఎంత వెతికినా కనపడేది కాదు. బడి లైబ్రరీలోంచి తెచ్చుకున్న పక్షుల పుస్తకంలో చదివి చెప్పాను. చలికాలం అంతా అది దక్షిణాన తడి అడవుల్లో ఉంటుందట. వాన మబ్బులకు ముందు బయల్దేరి, రాత్రుళ్ళు ఎగిరి ఇటు వస్తుందట. అలిసిపోయి ఇళ్ళల్లో, బావుల్లో పడిపోతుందట. ఎగరడం కంటే నేల మీద గెంతుతూ ఆకులు తిరగేసి పురుగులు ఏరుకోవడమే దానికి ఇష్టమట. దాని చుట్టాలు చాలావరకు సముద్రాల అవతల వాన అడవుల్లో ఉంటాయట, ఆ వంశం మొత్తానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన 'పిట్ట' అన్న మాటేనట. "మరి మన పిట్టే గదా," అన్నాడు, ఆశ్చర్యపోవడానికి అందులో ఏముందన్నట్టు.

ఆరో రోజు నేను బాగా అలిసిపోయి ఉన్నాను. ముందు రోజు సర్వేలో ఒక ఇంట్లో ముసలాయన పోయి ఉన్నాడు, మోయడానికి మనుషులు రాలేదు. పిట్ట ఎంతసేపటికీ కూయలేదు. ఆయన చెయ్యి రాయి మీద వెల్లకిలా ఎదురు చూస్తోంది. నాకు ఆ చెయ్యిని చూస్తే ఏడుపు వచ్చింది. రెండు సార్లు కొట్టాను. కాసేపాగి మళ్ళీ కొట్టాను.

ఆయన చెయ్యి తీసేసుకున్నాడు. నా వైపు తిరిగి, చూపుడు వేలు అడ్డంగా ఆడించాడు.

"ఉత్తగ కొట్టకు టీచరమ్మా. అది కూస్తలేదు. ఆకులల్ల ఎర్రలు ఏరుకుంటుంది."

"నీకెట్ల తెలుసన్నా?"

"అగో, కనవడ్తుంది గదా."

నాలుగు రోజులుగా ఆయనకు కనపడుతూనే ఉందట. నాకు చెప్పలేదు. "కూసేటప్పుడు మెడ ఎన్కకు ఇర్సి నోరు తెరుస్తది. అది నోరు తెరిసినప్పుడల్లా నీ ఏలు పడ్తుండె నా చేతి మీద. టైమింగ్ బరాబర్ ఉండె," అన్నాడు. కొత్తగా బిగించిన లూమును చెప్పినంత తృప్తిగా చెప్పాడు. "నోరు కండ్ల నిండ సూసిన, సప్పుడు నీ చేతిల ఇన్న. చాలు. కాని నా మీద జాలివడి కొడ్తే, మొన్నటిదంత గూడ అబద్ధమే అనిపిస్తది నాకు."

సిగ్గుతో చచ్చిపోయాను. చూపించమని అడిగాను. వేలు పెట్టి చూపించాడు. నాకు ఆకులే కనపడ్డాయి. మర్నాటికి పిట్ట వెళ్ళిపోయింది. "మల్లేడు మిరుగానికి ఈడనే కూసుందాం," అన్నాడు. ఆ రాత్రి వాన పడింది.

మరుసటి ఏడు ఎండాకాలం సూరత్ ఎలా ఉందో నేను రాయను. శ్మశానాల చిమ్నీల గురించి రాసేవాళ్ళు రాశారు. లూములు మళ్ళీ నడుస్తున్నాయి, ఆయన మళ్ళీ పనిలో ఉన్నాడు, నేను మళ్ళీ సర్వేలో ఉన్నాను. ఇల్లిల్లూ తిరిగి మాస్కు తీయొద్దని చెప్పి వచ్చి, మెట్ల దగ్గర ఆయన ముందు మాస్కు దించేదాన్ని. ఆయన కోసం గల్లీ అంతా దించేది. మేమంతా దయగలవాళ్ళమని అనుకున్నాం. నాకు జ్వరం వచ్చిన మూడో రోజున ఆయనకు జ్వరం వచ్చింది. ఎవరి నోటి నుంచి అంటిందో తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ఒక్క మాట రాయకుండా మిగతాదంతా రాయడం తేలిక, అందుకే ఇన్నాళ్ళూ ఏదీ రాయలేదు.

అంబులెన్స్ వచ్చిన రోజున నేను పై గదిలో తలుపు వేసుకుని ఉన్నాను. కిటికీలోంచి చూశాను. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. వాళ్ళు ఏదో చెబుతున్నారు, ఆయన వాళ్ళ ముఖాల్లో నోరు ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఒకతని మాస్కు వైపు చెయ్యి చాపితే అతను వెనక్కి జరిగాడు. గల్లీలో అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఆయనకు ఎక్కడికి తీసుకుపోతున్నారో కూడా తెలియదు. అప్పుడు తల ఎత్తి నా కిటికీ వైపు చూశాడు.

నేను మాస్కు పీకేసి, "పెద్ద దవాఖానకు, అన్నా! మంచిగయితది!" అని అరిచాను. అంత దూరం నుంచి పెదాలు ఆనవు. ఆయన కళ్ళు చికిలించి చూసి తల అడ్డంగా ఊపాడు. కిటికీ ఊచ మీద వేలితో, ఆయనకు కనపడేలా, రెండు సార్లు కొట్టాను. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా.

ఆయన అర్థం చేసుకున్నాడు. ఆయాసంలోనే నవ్వు వచ్చింది ముఖంలోకి. చూపుడు వేలు ఎత్తి అడ్డంగా ఆడించాడు. ఉత్తగ కొట్టకు అని. పొన్నంగి రావడానికి ఇంకా నెలన్నర ఉంది.

ఆయన తిరిగి రాలేదు. ఊళ్ళో చెల్లెలికి ఫోన్ చేసి నేనే చెప్పాను. ఆమె ఏడ్చి, చివరికి, "మా అన్న వానకాలం ఎందుకు రాకపోతుండెనో నీకేమన్న చెప్పిండా?" అని అడిగింది. పని ఎక్కువుండేదని చెప్పాను. ఇంకో అబద్ధం.

బడిలో దొరికిన పిట్టను చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి, గుడ్డ కప్పి, సాయంత్రం ఖాడీ గోడ దగ్గరికి తీసుకొచ్చి వదిలాను. నాలుగు గెంతులు వేసి వెదురు కిందికి దూరింది. అంతటితో నా పని అయిపోయిందనుకుని పడుకున్నాను. తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. పోయి గోడ మీద కూర్చున్నాను. షెడ్డులో నలభై లూములూ నడుస్తున్నాయి. గోడ రాళ్ళు అదురుతున్నాయి. కూర్చున్న నా ఒంటికి అంతా తెలుస్తోంది, చెవికి మాత్రం ఆ రొద తప్ప ఏదీ ఆనడం లేదు.

కొంచెం వెలుగు వచ్చాక వెదురు కింద ఆకులు కదిలాయి. తెల్లటి గొంతు కనపడింది. ఆయన చూపించిన చోటే. అది ఒక పుల్ల మీదికి గెంతి, నిటారుగా నిలబడి, మెడ వెనక్కి విరిచి నోరు తెరిచింది. ఆగి, మళ్ళీ తెరిచింది. నేను ఊపిరి బిగపట్టి విన్నాను. నాకేం వినిపించలేదు.

ఆయన చెయ్యి ఉండే చోట, రాయి మీద, దాని నోరు తెరుచుకున్నప్పుడల్లా వేలితో రెండు సార్లు కొడుతూ కూర్చున్నాను. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. ఈసారి ఉత్తగ కొట్టలేదన్నా.